కోర్టినా దాంపెట్సో ఎవరి ఊరు? నీళ్లు వెనిస్ వైపు, రాజ్యం తిరోల్ వైపు సాగిన లోయ కథ

2026 వింటర్ ఒలింపిక్స్‌కి 'మిలానో కోర్టినా' అని పేరు పెట్టేసరికి చాలామంది ఆ రెండూ పక్కపక్క ఊళ్లేమో అనుకున్నారు. అసలు మిలాన్ నుంచి కోర్టినాకి రోడ్డు మీద దగ్గర దగ్గర 400 కిలోమీటర్లు. మిలాన్ మైదానంలో ఉన్న మహానగరం. కోర్టినా ఆరు వేల మంది కూడా లేని కొండ ఊరు, పూర్తి పేరు కోర్టినా దాంపెట్సో. సరే అని ఆ ఊరి గురించి చదవడం మొదలుపెడితే గందరగోళం ఇంకా పెరుగుతుంది. ఒకచోట అది వెనిస్ రాజధానిగా ఉన్న వెనెతో రీజియన్‌లోది అంటారు, ఇంకోచోట నాలుగు వందల ఏళ్లు ఆస్ట్రియా వాళ్ల తిరోల్‌లో భాగం అంటారు, అక్కడివాళ్ల భాష ఇటాలియనూ కాదు జర్మనూ కాదు, లాదిన్ అంటారు, పైగా 2007లో ఆ ఊరివాళ్లే 'మమ్మల్ని పక్క రీజియన్‌లో కలపండి' అని ఓట్లేశారంటారు. ఇవన్నీ నిజాలే. ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకున్నాయో తెలియనంత వరకే అవి ఒకదానికొకటి అడ్డుపడుతున్నట్టు ఉంటాయి.

నాకు ఈ ఊరి మీద ఆసక్తి పుట్టింది ఒక పాత మ్యాపు వల్ల. లోయలో నది ఉత్తరం నుంచి దక్షిణానికి నిమ్మళంగా పారుతోంది, ఊరు దాటిన కాసేపటికే దానికి అడ్డంగా ఒక దేశ సరిహద్దు గీత. కొండల్లో సరిహద్దు మామూలుగా శిఖరాల మీదుగా పోతుంది, ఏ నీళ్లు ఎటు పారితే ఆ నేల అటు అన్నట్టుగా. ఇక్కడ మాత్రం ఒకే లోయను, ఒకే నదిని మధ్యలో కోసేశారు. ఈ ఊరి చిక్కుల్లో చాలావాటికి మూలం ఆ గీతే.

లోయ ఎలా ఉంటుంది, నీళ్లు ఎటు పోతాయి

ముందు ఇటలీ పాలన మెట్లు చెప్పుకుందాం, తర్వాత పదేపదే అవసరమవుతాయి. దేశం కింద రీజియన్లు, అవి మన రాష్ట్రాల్లాంటివి. రీజియన్ కింద ప్రావిన్సులు, మన జిల్లాల్లాంటివి. వాటి కింద మున్సిపాలిటీలు. కోర్టినా వెనెతో రీజియన్‌లో, బెల్లూనో ప్రావిన్సులో ఉన్న మున్సిపాలిటీ. విస్తీర్ణం 250 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం అడవి, పచ్చిక, రాయి. ఊరు 1,200 మీటర్ల ఎత్తులో ఒక పెద్ద పళ్లెంలాంటి చోట కూర్చుంది. పడమర తొఫానా శిఖరాలు, వాటిలో ఎత్తైనది 3,244 మీటర్లు. తూర్పున క్రిస్తాల్లో, ఫలోరియా. ఉత్తరాన గోడలా పొమగన్యోన్.

పళ్లెం మధ్యలోంచి పారే నది పేరు బొయితే. అది దక్షిణంగా దిగి పెరరోలో అనే ఊరి దగ్గర పియావే నదిలో కలుస్తుంది, పియావే వెళ్లి వెనిస్‌కి దగ్గర్లో ఆద్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. ఊరి చుట్టూ ఉన్న కనుమలు చూడండి: పడమరకు ఫల్జారెగో, 2,105 మీటర్లు, నైరుతికి జావు, 2,236 మీటర్లు, తూర్పుకు త్రే క్రోచి, 1,800 పైన. ఉత్తరాన ఉన్న చిమబాంకె కనుమ మాత్రం 1,530 మీటర్లే. అంటే దక్షిణానికి నది వెంట దిగిపోవచ్చు, ఉత్తరానికి కొంచెం ఎక్కితే చాలు, జర్మన్ మాట్లాడే లోయలోకి దిగుతాం. మిగతా దిక్కులకు పోవాలంటే గట్టిగా ఎక్కాల్సిందే. అందుకే వెనిస్ నుంచి జర్మన్ దేశాలకు పోయే పాత వర్తకపు దారి ఈ లోయ మీదుగానే పడింది. దాని పేరే అలెమాన్యా దారి, అంటే జర్మనీ దారి. ఇప్పటికీ అక్కడి జాతీయ రహదారికి అదే పేరు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. చిమబాంకె గట్టుకి ఈవల పడిన వాన బొయితేలోకి, పియావేలోకి పోతుంది. గట్టుకి ఆవల పడింది రియెంజా నదిలోకి, అక్కడినుంచి ఇజార్కో, ఆదిజె నదుల మీదుగా అదే ఆద్రియాటిక్‌కి వేరే దారిలో చేరుతుంది. ఇంకొంచెం ఉత్తరాన, కోర్టినాకి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో దొబ్బియాకో అనే ఊరుంది. అక్కడ మైదానంలా కనిపించే చోటే మరో గట్టు. దానికి తూర్పున పడిన చుక్క ద్రావా నదిలో కలిసి, డాన్యూబ్‌లో కలిసి, నల్ల సముద్రానికి పోతుంది. సైకిల్ మీద ఒక పూటలో తిరిగేంత దూరంలో మూడు నదుల దారులన్నమాట. మూడు లోకాలు తగిలే ముడి ఇదని నీళ్లే చెబుతున్నాయి.

పైన గులాబీ రాయి, కింద బంకమన్ను

ఈ కొండల పేరు దోలమైట్లు. 18వ శతాబ్దం చివర్లో దొలొమియు అనే ఫ్రెంచి భూశాస్త్రవేత్త ఇక్కడి రాయి మామూలు సున్నపురాయి కాదని గుర్తించాడు. సున్నపురాయి మీద ఆమ్లం వేస్తే బుసబుసా పొంగుతుంది, ఇది అంతగా పొంగదు, కారణం ఇందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉండటం. ఆయన పేరే ముందు రాయికి, తర్వాత కొండలకి వచ్చింది. ఇరవై కోట్ల ఏళ్లకు పూర్వం ఇదంతా వెచ్చటి, లోతు తక్కువ సముద్రం. అందులో పెరిగిన దిబ్బలే ఇవాళ మూడు వేల మీటర్ల ఎత్తున నిలబడ్డాయి. సాయంత్రం పొద్దు వాలేటప్పుడు తెల్లటి రాయి నారింజగా, తర్వాత గులాబీగా మారుతుంది. లాదిన్ వాళ్లు దాన్ని 'ఎన్రొసాదిరా' అంటారు, అంటే గులాబీ రంగెక్కడం. 2009లో యునెస్కో ఈ కొండల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అందం గురించి అందరూ రాస్తారు. ఈ గట్టి రాయి కింద చాలా చోట్ల మెత్తటి బంకమన్ను పొరలు ఉన్నాయన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. పైన బరువు, కింద తడిస్తే జారే మన్ను. అందుకే ఈ లోయలో కొండ జారడం కొత్తకాదు. ఊరిలోని కొన్ని వాడలే పాత కొండచరియల మట్టి మీద లేచాయి. అల్వెరా వాడ దగ్గర నేల నెమ్మదిగా కదులుతూ ఉంటే శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టి కొలుస్తున్నారు. ఊరికి దక్షిణాన అక్వబోనా దగ్గర గట్టి వాన పడితే రాళ్లూ బురదా కలిసిన ప్రవాహం కొండమీంచి దూసుకొస్తుంది. 2025 వేసవిలో పక్క ఊరు సాన్ వీటో దగ్గర అలాంటి ప్రవాహాలు అలెమాన్యా రహదారి మీద పడి రాకపోకలు పలుమార్లు ఆగిపోయాయి. దక్షిణానికి అదే ప్రధానమైన దారి కాబట్టి రోడ్డు మూసుకుపోతే ఊరు సగం కట్టేసినట్టే.

ఒక ఊరికి ఇన్ని పేర్లెందుకు

పాత కాగితాల్లో వెతికితే 'కోర్టినా' అనే మున్సిపాలిటీ దొరకదు. 1923 వరకు మున్సిపాలిటీ పేరు అంపెట్సో. లోయ మొత్తానికీ అదే పేరు. కోర్టినా అనేది ఆ లోయలోని ఆరు వాడల్లో ఒకటి, చర్చి ఉన్న నడిబొడ్డు వాడ. మిగతా ఐదు అల్వెరా, అజ్జోన్, కదీన్, కియావె, జువెల్. పర్యాటకులు దిగేది చర్చి దగ్గరి హోటళ్లలో కాబట్టి ఆ వాడ పేరే బయట ప్రపంచానికి తెలిసింది. చివరికి వాడ పేరు ముందుకొచ్చి లోయ పేరు తోకయింది: కోర్టినా దాంపెట్సో, అంటే అంపెట్సోలోని కోర్టినా. లాదిన్‌లో అన్పెజో అంటారు. జర్మన్ పాత పత్రాల్లో హైడెన్. ఎవరైనా ఆస్ట్రియా కాలపు పుస్తకంలో అంపెట్సో అని చదివి అది వేరే ఊరనుకుంటే తప్పు వాళ్లది కాదు. పైగా పక్క ఫ్రియూలీ రీజియన్‌లో అంపెట్సో పేరుతో నిజంగానే మరో ఊరుంది!

వెనిస్ నుంచి చక్రవర్తి చేతికి

మధ్యయుగంలో అంపెట్సో, దాని దిగువన ఉన్న కాదోరే అనే కొండ ప్రాంతంలో భాగం. కాదోరే చాలాకాలం అక్విలేయా మతాధిపతుల ఏలుబడిలో ఉండి, 1420లో వెనిస్ గణతంత్రానికి లోబడింది. ఇది సహజంగా కుదిరిన పొత్తు. వెనిస్‌కి ఓడలకీ, నీళ్లలో పునాదులకీ కలప కావాలి. కొండవాళ్లకి ధాన్యం, ఉప్పు, డబ్బు కావాలి. మధ్యలో నది ఉండనే ఉంది.

ఆ కలప ఎలా పోయేదో ఒక్క దుంగని వెంబడించి చూద్దాం. అంపెట్సో అడవిలో చెట్టు కొట్టి, కొమ్మలు నరికి, దుంగ మీద గొడ్డలితో యజమాని గుర్తు చెక్కుతారు. నీళ్లు పెరిగినప్పుడు దాన్ని బొయితేలోకి వదిలేస్తారు, వందల దుంగలతో పాటు అది కూడా దొర్లుకుంటూ పోతుంది. పెరరోలో దగ్గర నదికి అడ్డంగా 'చీదొలో' అనే కర్ర కట్టడం ఉండేది, పెద్ద జల్లెడ లాంటిది, నీళ్లని వదిలి దుంగల్ని ఆపేది. అక్కడ మనుషులు గుర్తులు చూసి ఎవరి దుంగలు వాళ్లకి వేరు చేసేవారు. ఆపై రంపపు మిల్లుల్లో పలకలుగా కోసి, తెప్పలు కట్టి, పియావే మీద వెనిస్ దాకా తోలేవారు. రాజ్యం మారాక కూడా ఈ వ్యాపారం నడిచింది, ఎందుకంటే నది ఎక్కడికి తీసుకెళ్తే కలప అక్కడికే పోగలదు.

రాజ్యం మారింది 1511లో. వెనిస్‌కీ, తిరోల్‌తో సహా ఆస్ట్రియాని ఏలే హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి మాక్సిమిలియన్‌కీ యుద్ధం నడుస్తోంది. 1508లో కాదోరే దగ్గర వెనిస్ సేన గెలిచింది కానీ, మూడేళ్ల తర్వాత చక్రవర్తి సేనలు ఉత్తరం నుంచి వచ్చి, లోయ తలుపులాంటి బొతెస్తాన్యో కోటని పట్టేశాయి. కోట పోయాక ఊరు చేయగలిగిందేమీ లేదు, చక్రవర్తికి విధేయత ప్రకటించింది. దిగువన ఉన్న కాదోరే మాత్రం వెనిస్‌తోనే ఉండిపోయింది. అదిగో, నదిని కోసిన గీత అప్పుడు పడింది.

దీన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దగ్గర ఇప్పటికీ రెండు వాదాలున్నాయి. ఇది ఆక్రమణ, ఊరిని తన సొంత కాదోరే నుంచి బలవంతంగా విడదీశారు అంటారు ఒకరు. బలవంతమే కావచ్చు, కానీ చక్రవర్తి పాత శాసనాల్నీ అడవి హక్కుల్నీ ముట్టుకోలేదు, అందుకే ఊరు కొత్త ఏలికతో ఇట్టే సర్దుకుంది అంటారు ఇంకొకరు. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. తిరోల్ కింద నాలుగు శతాబ్దాలున్నా అక్కడ కాగితాల భాష ఇటాలియనే, వీధిలో మాట లాదినే. జర్మన్ ఊరుగా మారిపోలేదు.

గొర్రెల కోసం కట్టిన గోడ

దేశాల మధ్య గీత పడితే కాపరులకి ఏమవుతుందో చెప్పడానికి జావు కనుమ దగ్గరున్న గోడని మించిన సాక్ష్యం లేదు. ఆ ఎత్తైన పచ్చిక మైదానాలు ఎవరివని అంపెట్సో వాళ్లకీ, దిగువన ఉన్న సాన్ వీటో వాళ్లకీ తరతరాల తగాదా. పశువులు అటు దాటడం, ఇటువాళ్లు పట్టుకోవడం, కొట్లాటలు. ఇద్దరూ ఒకే రాజ్యంలో ఉన్నప్పుడు అది ఊళ్ల గొడవ. 1511 తర్వాత అదే ఆస్ట్రియా, వెనిస్ మధ్య అంతర్జాతీయ వివాదం. చివరికి 18వ శతాబ్దం మధ్యలో రెండు ప్రభుత్వాలూ కూర్చుని సరిహద్దు తేల్చాయి. పచ్చిక సాన్ వీటో వాళ్లకే దక్కింది, కానీ సరిహద్దు మీద రాతి గోడ కట్టే పని వాళ్ల మీద పడింది. 1753లో కట్టారు. కిలోమీటరున్నరకు పైగా సాగే రాతి గోడ, రెండు వేల మీటర్లు దాటిన ఎత్తులో, ఏడాదిలో చాలా నెలలు మంచు కప్పేసే చోట. పక్కనే రాళ్ల మీద ఒకవైపు వెనిస్ సింహం, మరోవైపు ఆస్ట్రియా చిహ్నం చెక్కారు. గోడ చాలావరకు కూలి రాళ్ల కుప్పయినా, రెండు మున్సిపాలిటీల హద్దు ఇవాళ్టికీ దాని మీదుగానే పోతుంది.

ఇల్లు కదలని మనిషి, మారిపోయే దేశాలు

1866లో వెనెతో ఇటలీ రాజ్యంలో కలిసింది. అంపెట్సో కలవలేదు, ఎందుకంటే అది వెనెతో కాదు, తిరోల్. సాన్ వీటో ఇటలీ, ఎగువన అంపెట్సో ఆస్ట్రియా. అప్పటికే ఊరికి పర్వతారోహకుల రాక మొదలైంది. వియన్నాకి చెందిన పౌల్ గ్రోమన్ 1863లో స్థానిక గైడు ఫ్రాంచెస్కో లాచెదెల్లితో కలిసి తొఫానా శిఖరం ఎక్కాడు. ఆ తర్వాత వియన్నా, లండన్ జనం వేసవికి రావడం, హోటళ్లు లేవడం, 1909 నాటికి బొల్జానో నుంచి దోలమైట్ల రోడ్డు పడటం వరసగా జరిగిపోయాయి.

ఇప్పుడు ఉదాహరణ కోసం 1890లో ఈ ఊళ్లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకోండి. అతను ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి ప్రజ. 1914లో యుద్ధం రాగానే తిరోల్ దళంలో చేరి, రష్యా మీద పోరాడటానికి గలీసియా పోతాడు. 1915 మేలో ఇటలీ ఆస్ట్రియా మీద యుద్ధం ప్రకటిస్తుంది, ఆస్ట్రియా సేన ఊరు వదిలి వెనక కొండల్లోకి జరుగుతుంది, నెలాఖరుకి ఇటలీ సైనికులు ఊళ్లోకి వస్తారు. ఇప్పుడతను ఆస్ట్రియా యూనిఫాంలో ఉన్నాడు, అతని అమ్మ ఇటలీ సైన్యం ఏలుతున్న ఊళ్లో ఉంది. ఇంటి కిటికీలోంచి కనిపించే కొండల్లోనే యుద్ధం: రెండు పక్షాలూ రాతిలో సొరంగాలు తవ్వి కింద మందుగుండు పెట్టి పేల్చుకున్నాయి. 1916 జులై 11న తొఫానా దగ్గర కాస్తెల్లెత్తో అనే రాతి దిమ్మె కింద ఇటలీవాళ్లు పేల్చిన మందుగుండు 35 టన్నులు. 1917 చివర్లో ఇటలీ సేన కపొరెత్తో దగ్గర ఓడి వెనక్కి పోవడంతో ఊరు మళ్లీ ఆస్ట్రియాది. ఏడాది తిరక్కముందే, 1918 నవంబర్లో, మళ్లీ ఇటలీది. 1923లో మున్సిపాలిటీ పేరు మారింది, ప్రావిన్సు మారింది. 1943 సెప్టెంబర్ నుంచి 1945 దాకా బెల్లూనో, బొల్జానో, త్రెంతో మూడింటినీ జర్మనీ తన అధికారుల కింద పెట్టుకుంది. ఆపైన ఇటలీ గణతంత్రం. 1956లో ఊళ్లో ఒలింపిక్స్ జరిగేనాటికి అతనికి 66 ఏళ్లు. ఇన్ని మారినా ఇల్లు అదే, పొలం అదే, మాట్లాడే భాష అదే. 'మీరు ఇటాలియన్లా, ఆస్ట్రియన్లా?' అని అడిగితే అలాంటి మనిషి ఏం చెబుతాడు? ఊరి పేరు చెబుతాడు.

ఒకే భాష, మూడు ముక్కలు

లాదిన్ లాటిన్ నుంచి పుట్టిన భాషే కానీ ఇటాలియన్ యాస కాదు. స్విట్జర్లాండ్‌లోని రొమాన్ష్‌కి, ఫ్రియూలీ భాషకి దగ్గరి చుట్టం అని చాలామంది భాషావేత్తలు చెబుతారు. సెల్లా కొండ చుట్టుపక్కల లోయల్లో సుమారు 30,000 మంది మాట్లాడతారు, ఒక్కో లోయది ఒక్కో తీరు. 1920 మే 5న వాళ్లు గార్దెనా కనుమ మీద కూడి నీలం, తెలుపు, ఆకుపచ్చ రంగుల జెండా ఎగరేసి, తమని అడక్కుండా ఇటలీలో కలపడాన్ని వ్యతిరేకించారు. ఆకాశం, మంచు, పచ్చిక, అవీ ఆ రంగులు.

ఫాసిస్టు ప్రభుత్వం చేసిన పని దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1923లో అంపెట్సోనీ, పక్కనున్న లివినల్లోంగో, కొల్లె సాంతా లుచియాలనీ బెల్లూనో ప్రావిన్సుకి మార్చారు. 1927లో మిగతా లోయల్లో గార్దెనా, బాదియా బొల్జానోకి, ఫాస్సా త్రెంతోకి పోయాయి. అలా ఒకే భాషవాళ్లు మూడు ప్రావిన్సుల్లో చెల్లాచెదురయ్యారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొల్జానో, త్రెంతోలకి ప్రత్యేక స్వయంపాలన వచ్చింది. అక్కడి లాదిన్ పిల్లలకి బళ్లో తమ భాష దొరికింది. కోర్టినా వాళ్లకి ఆ స్థాయి హక్కులు లేవు, 1999లో వచ్చిన మైనారిటీ భాషల చట్టం కొంత రక్షణ మాత్రం ఇచ్చింది.

అడవి ఎవరిది: రెగోలె అంటే ఏంటి

ఈ ఊరి గురించి నాకు అన్నింటికంటే నచ్చేది, బయటివాళ్లకి అస్సలు అర్థం కానిది ఇదే. మున్సిపాలిటీ నేలలో సుమారు 16,000 హెక్టార్లు, అంటే 40,000 ఎకరాల దాకా, ప్రభుత్వానిదీ కాదు, ఏ ఒక్క మనిషిదీ కాదు. పాతకాలం నుంచి అక్కడున్న కుటుంబాల ఉమ్మడి ఆస్తి. ఆ కుటుంబాల సంఘాన్ని రెగోలా అంటారు, అలాంటివి 11 ఉన్నాయి, అన్నీ కలిపితే అంపెట్సో రెగోలె. హక్కుదారు రెగొలియెరె. ప్రతి రెగోలాకీ లౌదో అనే రాతపూర్వక కట్టుబాటు ఉంటుంది, నడిపించే పెద్దని మరీగో అంటారు. ఈ నేల అమ్మకూడదు, పంచుకోకూడదు, అడవిని అడవిగానే పచ్చికని పచ్చికగానే ఉంచాలి. హక్కుదారుకి వచ్చేది పొయ్యి కట్టెలు, ఇంటికి కలప, పశువులకి మేత.

రెండు ఇళ్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి లాచెదెల్లి లాంటి పాత ఇంటిపేరున్న కుటుంబానిది. రెండోది మిలాన్ నుంచి వచ్చి ఎంతో డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్లది. రెండో ఇంటివాళ్లు ఎన్నేళ్లుగా పన్ను కట్టినా, వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టినా, అడవిలో వాటా రాదు. అది డబ్బుతో కొనే వస్తువు కాదు, వంశం ద్వారా వచ్చే హక్కు. మొదటి ఇంట్లోనూ అందరికీ సమానంగా రాదు. సంప్రదాయం ప్రకారం హక్కు కొడుకులది, అన్నదమ్ములు లేని కూతురికి మాత్రమే దక్కుతుంది. ఆమెని 'ఫియా దె రోబా' అంటారు, ఆస్తి నిలబెట్టే బిడ్డ అని. ఈ నియమం ఇవాళ్టికి సరిపోదని ఊళ్లోనే చాలామంది అంటున్నారు. హక్కు విస్తరిస్తే ఉమ్మడితనం పలచబడుతుందని పాతవాళ్ల భయం. ఆడపిల్లల విషయంలో ఆ భయం నాకు సబబుగా తోచదు. కానీ 'బయటివాళ్లకి వాటా ఎందుకివ్వరు' అనే విమర్శకి మాత్రం వాళ్ల దగ్గర జవాబుంది: ఈ కట్టుబాటే లేకపోతే ఊరి చుట్టూ ఉన్న వాలులన్నీ ఈపాటికి విల్లాలయ్యేవి.

నెపోలియన్ కాలం నుంచి ప్రభుత్వాలు ఉమ్మడి అడవిని మున్సిపాలిటీ ఆస్తిగా చూడటం మొదలుపెట్టాయి. ఆ పేచీ తెగడానికి 1950ల చివరి వరకు పట్టింది. 1990లో ఏర్పడిన అంపెట్సో దోలమైట్ల ప్రకృతి పార్కు, 11,000 హెక్టార్ల పైన ఉన్నది, దాన్ని చూసుకునే బాధ్యత రీజియన్ ఈ రెగోలెకే అప్పగించింది. 2017లో ఇటలీ పార్లమెంటు 168వ నంబరు చట్టంతో దేశమంతటా ఇలాంటి ఉమ్మడి ఆస్తుల్ని గుర్తించింది.

రెండు ఒలింపిక్సులు, ఒక మంచు ట్రాక్

1944 వింటర్ ఒలింపిక్స్ ఇక్కడే జరగాల్సింది, యుద్ధంతో రద్దయింది. 1956లో జరిగింది. వింటర్ ఒలింపిక్స్‌ని టీవీలో ప్రత్యక్షంగా చూపించడం అదే మొదలు. ఆస్ట్రియా తిరోల్‌లోని కిట్స్‌బూయెల్ కుర్రాడు టోనీ జైలర్ మూడు ఆల్పైన్ స్వర్ణాలూ కొట్టుకుపోయాడు, ఒకప్పటి తిరోల్ ఊళ్లో. దానికి రెండేళ్ల ముందే, 1954లో, ఈ ఊరి లీనో లాచెదెల్లి కే2 శిఖరం మీద మొదట అడుగుపెట్టిన ఇద్దరిలో ఒకడు. ఆ పదేళ్లలో కోర్టినా పేరు ధనికుల విడిదిగా మారుమోగింది. దాని వెనకే ఇళ్ల ధరలు పెరిగాయి, ఏడాదిలో కొద్ది వారాలే తలుపు తీసే రెండో ఇళ్లు నిండాయి, ఊరి పిల్లలు అద్దె కట్టలేక దిగువ ఊళ్లకి పోవడం మొదలైంది.

2026 ఆటల్లో ఊరికి దక్కినవి ఆడవాళ్ల ఆల్పైన్ స్కీయింగ్, కర్లింగ్, మంచు ట్రాక్ మీద జారే బాబ్‌స్లెయి లాంటివి. రచ్చ అంతా ఆ ట్రాక్ గురించే. పాత ఎవుజేనియో మోంటి ట్రాక్ 2008లో మూతపడింది. కొత్తది కట్టొద్దు, పొరుగు దేశాల్లో ఉన్నది వాడుకోండి అని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీయే చెప్పింది. ఇటలీ ప్రభుత్వం వినలేదు, 2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టి వంద మిలియన్ యూరోలకు పైగా ఖర్చుతో కట్టింది, 2025 మార్చిలో పరీక్షించింది. ఊరి క్రీడా వారసత్వం ఇది, ఆటలు ఇటలీ నేల మీదే జరగాలి అని కట్టినవాళ్ల మాట. శరత్కాలంలో బంగారు రంగుకి తిరిగి ఆకు రాల్చే లార్చ్ చెట్లు వందల్లో కొట్టేశారు, ఆటలయ్యాక ఏటా మంచు గడ్డకట్టించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు అని వ్యతిరేకించినవాళ్ల ప్రశ్న. మొదటిదాంట్లో అభిమానం ఉంది, రెండోదాంట్లో లెక్క ఉంది.

2007 ఓటు: గుర్తింపు కోసమా, డబ్బు కోసమా

2007 అక్టోబర్ 28, 29 తేదీల్లో కోర్టినా, లివినల్లోంగో, కొల్లె సాంతా లుచియా ఓటర్లు ఒక ప్రశ్నకి జవాబిచ్చారు: వెనెతో వదిలి, బొల్జానో, త్రెంతో ప్రావిన్సులున్న పక్క రీజియన్ త్రెంతినో-ఆల్తో ఆదిజెలో (ఒకప్పటి తిరోల్ దక్షిణ భాగం) చేరాలా? ఓటేసినవాళ్లలో నాలుగింట మూడొంతులకు మించి చేరాలన్నారు. ఇటలీ రాజ్యాంగం 132వ అధికరణం ఇలాంటి ఓటుకి వీలిస్తుంది.

ఇది డబ్బు కోసమే అన్నవాళ్ల లెక్క ఇది. బొల్జానో ప్రావిన్సులో ప్రధానమైన పన్నులు 100 యూరోలు వసూలైతే సుమారు 90 అక్కడే ఉంటాయి. బెల్లూనోలో అలా కాదు, పన్ను రోముకి పోయి, కేటాయింపుల రూపంలో తిరిగి రావాలి. అందుకే కనుమకి అటువైపు రోడ్లు, బళ్లు, రైతులకి సాయం మెరుగ్గా ఉంటాయి, చూసేవాళ్లకి ఆశ పుడుతుంది. అయితే ఆ 90తో ఆ ప్రావిన్సు మిగతాచోట్ల కేంద్రం చేసే పనులు చాలా తనే చేసుకోవాలన్నది కూడా లెక్కలోకి రావాలి. ఇది గుర్తింపు కోసం అన్నవాళ్లు 1923 వైపు వేలు చూపిస్తారు: మమ్మల్ని అడక్కుండా విడదీశారు, తిరిగి కలపమంటున్నాం, అంతే. నిజానికి ఒకే మనిషిలో రెండు కారణాలూ ఉండొచ్చు. కానీ కేవలం డబ్బే అయితే, నాలుగు వందల ఏళ్లు తిరోల్‌లో ఉండి 1923లో విడిపోయిన సరిగ్గా ఆ మూడు ఊళ్లే కలిసి ఓటేయడాన్ని వివరించడం కష్టం.

ఓటు తర్వాత చట్టం చేయాల్సింది పార్లమెంటు. అదే బెల్లూనో ప్రావిన్సులో సప్పాదా అనే మరో ఊరు 2008లో ఇలాగే ఓటేసి ఫ్రియూలీలో చేరతామంది, 2017లో పార్లమెంటు చట్టం చేసి చేర్చింది. కోర్టినా విషయంలో ఆ చట్టం రాలేదు. ఊరు వెనెతోలోనే ఉంది. ప్రావిన్సు ఆఫీసులో పని పడితే బొయితే వెంట దక్షిణంగా బెల్లూనోకి దిగాలి. 1921 నుంచి నడిచిన దోలమైట్ల రైలు 1964లో ఆగిపోయింది, పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు సైకిల్ బాట. కాబట్టి రైలెక్కాలంటే దక్షిణాన కాలాల్జోకి పోవాలి, లేదా బస్సెక్కి చిమబాంకె గట్టు దాటి, స్టేషన్ బోర్డు ఇటాలియన్, జర్మన్ రెండింటిలోనూ ఉండే దొబ్బియాకోకి.